తెలుగు–బెంగాలీ పెళ్లి ఎనిమిది వారాల్లో: మొదటి ఫోన్ నుంచి రిజిస్ట్రేషన్ దాకా

"అమ్మాయిది తెలుగు కుటుంబం, అబ్బాయిది బెంగాలీ కుటుంబం. రెండు పద్ధతులూ ఉండాలంటున్నారు. చేతిలో రెండు నెలలే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను.

అమ్మాయి తెలుగు, అబ్బాయి బెంగాలీ, పెళ్లి అమ్మాయి ఊళ్లో అనుకుని రాశాను. అటూ ఇటూ అయితే ఏం మారుతుందో అవసరమైన చోట చెప్పాను. పద్ధతులు ఇంటింటికీ మారతాయి కాబట్టి ఏది రాసుకున్నా మీ పెద్దవాళ్లతో ఒకసారి సరిచూసుకోండి.

చీరలు, నగలు, పూలు రెండు వారాల్లో కూడా అయిపోతాయి. టైమ్ తినేది పెద్దవాళ్ల ఒప్పందం, ముహూర్తం. ముందు వాటి పని పట్టండి.

## 1. మొదటి వారం: హాలు కన్నా ముందు తేల్చాల్సినవి

రెండు ఇళ్ల నుంచి ఇద్దరిద్దరు పెద్దవాళ్లు, పెళ్లి చేసుకునే ఇద్దరు. అంతే. ఒక వీడియో కాల్‌లో కూర్చోండి. ఇరవై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఇవి ఎప్పటికీ తేలవు.

గోత్రం. కాశ్యప, భరద్వాజ, శాండిల్య లాంటి గోత్రాలు రెండు చోట్లా ఉన్నాయి. ఒకటే గోత్రం అని పీటల మీద సంకల్పం చెప్పేటప్పుడు తెలిస్తే చాలా ఇబ్బంది. మొదటి రోజే అడగండి. ఒకటే అయితే ఏం చేయాలో పురోహితుడితో అప్పుడే మాట్లాడుకోండి.

తల్లులు పెళ్లి చూస్తారా? ఇది అందరూ మర్చిపోయే ప్రశ్న, ఎక్కువ మనసులు నొప్పించేది కూడా ఇదే. చాలా బెంగాలీ ఇళ్లలో తల్లి తన బిడ్డ పెళ్లి కళ్లారా చూడకూడదనే పట్టింపు ఉంది. మన కన్యాదానంలో తండ్రి వరుడి కాళ్లు కడుగుతుంటే తల్లి పక్కన నిలబడి నీళ్లు పోయాలి. అబ్బాయి తల్లి మండపానికి రాకపోతే మనవాళ్లు "వియ్యపురాలికి ఈ సంబంధం ఇష్టం లేదేమో" అనుకుంటారు. అమ్మాయి బెంగాలీ అయితే చిక్కు ఇంకా పెద్దది, నీళ్లు పోయాల్సిన తల్లే అక్కడ ఉండదు.

ఇందులో వేరేవాళ్లు తీర్పు చెప్పకూడదు. ఆ తల్లినే అడగాలి. వస్తానంటే ఆమెకు ముందు వరసలో కుర్చీ వేయించండి. రానంటే ఆ సంగతి రెండు వైపులా దగ్గరివాళ్లకు ముందే చెప్పండి, ఆమె స్థానంలో పిన్నో మేనత్తో ఎవరు నిలబడతారో రాసిపెట్టుకోండి.

మాంసాహారం. పెళ్లి రోజు ఉంటుందా, లేదా? హాలు ఎంపిక దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఖర్చు. తెలుగు తంతుకు మనవాళ్లు, బెంగాలీ తంతుకు వాళ్లు అని గీత గీయకండి. అలా గీస్తే ఉమ్మడిగా చేసే పనికి ఎవరూ డబ్బు తీయరు. హాలు, భోజనం, విడిది, ప్రయాణం, ఇద్దరు పురోహితులు, ఫొటోలు అని పద్దుల వారీగా పంచుకోండి.

## 2. ముహూర్తం: రెండు పంచాంగాలు ఒకచోట పెట్టి చూడండి

మన మాసాలు చంద్రుణ్ని బట్టి నడుస్తాయి, బెంగాలీ మాసాలు సూర్యుణ్ని బట్టి. పేర్లు ఒకటే అయినా తేదీలు కలవవు. మనవాళ్లు మామూలుగా ఆషాఢం, భాద్రపదం, పుష్యం వదిలేస్తారు. బెంగాలీలు భాద్ర, ఆశ్విన్, కార్తిక్, పౌష్, చైత్ర మాసాల్లో పెళ్లి చేయరు.

అంటే ఆగస్టు మధ్య నుంచి నవంబరు మధ్య దాకా వాళ్లకు పెళ్లిళ్లు లేవు. మన కార్తీకంలో ముహూర్తం బాగుందని తేదీ పెట్టేసుకుంటే, నవంబరు మధ్య వరకు అటువైపు అది పనికిరాదు. అలాగే జూన్ చివర్లో వాళ్లకు లగ్నాలుంటాయి, మనకు ఆషాఢం వచ్చేస్తుంది.

రెండు వైపులా కుదిరే కాలం సుమారుగా ఇది:

- నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య వరకు
- జనవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు
- ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు
- జూలై చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు, శ్రావణం మొదలయ్యాక

ఇందులోంచి మౌఢ్యాలు, అధిక మాసం తీసేయాలి. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా ఉంది. ఇద్దరూ ఇంట్లో పెద్ద సంతానమైతే జ్యేష్ఠ మాసం గురించి విడిగా అడగండి.

వాళ్లలో కొన్ని ఇళ్లు గుప్తా ప్రెస్ పంజికను (పంజిక అంటే వాళ్ల పంచాంగం), కొన్ని విశుద్ధ సిద్ధాంత పంజికను పాటిస్తాయి. రెండింటి లెక్కలూ ఒక్కోసారి తేడా వస్తాయి. వాళ్లింట్లో ఏది చూస్తారో తెలుసుకుని ఆ తేదీలే అడగండి.

వేళ విషయంలో సాయంత్రం దాటాక వచ్చే లగ్నం కోరండి. బెంగాలీ పెళ్లి ఎక్కువగా గోధూళి వేళలోనో రాత్రో జరుగుతుంది. మనకు రాత్రి ముహూర్తాలు కొత్త కాదు. మన పురోహితుడి దగ్గర మూడు తేదీలు, వాళ్ల పురోహితుడి దగ్గర మూడు తేదీలు తీసుకోండి. కలిసేది తీసుకుని, ఇక మార్చకండి.

## 3. ఏది ఒక్కసారి, ఏది రెండుసార్లు, ఏది వద్దు

మొదట తెలుగు పెళ్లి మొత్తం, తర్వాత బెంగాలీ పెళ్లి మొత్తం పెడితే ఏడు గంటలు పడుతుంది. రెండోది మొదలయ్యేసరికి హాలు ఖాళీ అవుతుంది. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్న ఇద్దరూ నీరసపడిపోతారు. నేనైతే కలిపి చేయమనే చెబుతాను. చాలా తంతులు రెండు చోట్లా ఉన్నవే.

ఒక్కసారి చాలు: నాంది (వాళ్లు నాందీముఖ్ అంటారు), కన్యాదానం (సంప్రదాన్), లాజహోమం, సప్తపది, దండలు మార్చుకోవడం. లాజహోమంలో అమ్మాయి దోసిట్లో పేలాలు పోసేది రెండు చోట్లా అన్నదమ్ములే.

పక్కపక్కనే పెట్టాలి: మన నలుగు, వాళ్ల గాయే హోలుద్. అబ్బాయికి పెట్టిన పసుపులోంచి కొంత అమ్మాయికి పంపడం వాళ్ల ఆనవాయితీ. విడిది అదే ఊళ్లో ఉంటే పొద్దున్నే పసుపు వస్తుంది, దాంతోనే మంగళస్నానం చేయించవచ్చు.

దేని చోటు దానికి ఉండాలి: జీలకర్ర–బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, మెట్టెలు మన వైపు. శుభదృష్టి (ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకోవడం), అమ్మాయిని పీట మీద ఎత్తి ఏడు చుట్లు తిప్పడం, సిందూర్ దాన్ (అబ్బాయి అమ్మాయి పాపిట్లో సిందూరం దిద్దడం) వాళ్ల వైపు. వీటిలో ఏది తీసేసినా ఎవరో ఒకరు బాధపడతారు.

వదిలేయవచ్చు: కాశీయాత్ర, బంతులాట, బిందెలో ఉంగరం లాంటి వేడుకల్లో ఒకటి ఉంచుకుంటే చాలు. వీడ్కోలప్పుడు అమ్మాయి బియ్యం వెనక్కి విసిరి తల్లి రుణం తీర్చేశానని చెప్పే తంతును ఈ మధ్య చాలా బెంగాలీ జంటలే మానేస్తున్నాయి. అమ్మాయికి ఇష్టం లేకపోతే నిస్సంకోచంగా తీసేయండి.

## 4. ఇద్దరు పురోహితులను ముందే కలపండి

బెంగాలీ పురోహితుడు దొరకడం కష్టమనుకుంటారు. మీ ఊళ్లో దుర్గాపూజ చేసే బెంగాలీ సంఘాన్ని అడగండి, దారి దొరుకుతుంది. దొరక్కపోతే అబ్బాయి తరఫువాళ్లతోనే తీసుకురమ్మనండి, ఆయన టికెట్టు మొదట బుక్ చేయండి.

పెళ్లికి కనీసం మూడు వారాల ముందు ఇద్దరినీ ఫోన్‌లో కలపండి. హిందీ అంతగా రాకపోతే మధ్యలో ఒకరు ఉండి చెప్పాలి. తేలాల్సినవి ఇవి:

- పెళ్లి నడిపించేది ఎవరు? ఒక్కరే నడిపించాలి, రెండోవారు తమ వంతు వచ్చినప్పుడు అందుకోవాలి.
- హోమగుండం ఒకటే కదా?
- లగ్నం నిమిషానికి జరగాల్సింది ఏది? మనకైతే జీలకర్ర–బెల్లం.
- ఎవరి సామాను పట్టీ ఏది? ఇద్దరి దగ్గరా విడిగా తీసుకుని, ఉమ్మడి వస్తువులు ఒక్కసారే కొనండి.

ఇంకొకటి. మన కన్యాదానంలో వరుడి గోత్రప్రవరలు, తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పాలి. బెంగాలీ పేర్లు విని పలకడం మన పురోహితుడికి కష్టం. వాటిని తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి చేతికివ్వండి. అలాగే మన పేర్లు బెంగాలీ లిపిలో వాళ్ల పురోహితుడికి ఇవ్వండి. ముత్తాత పేరు సరిగ్గా వినపడితే ఆ ఇంటి పెద్దవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

## 5. పెళ్లి రోజు వరుస

లగ్నం రాత్రి 8:30కి అనుకుందాం. మీ లగ్నాన్ని బట్టి ముందుకూ వెనక్కూ జరుపుకోండి.

తెల్లవారక ముందు. దధి మంగళ్. ఉపవాసం మొదలయ్యే ముందు పెరుగు, అటుకులు, మిఠాయి తినిపిస్తారు. శాంఖా (తెల్ల శంఖం గాజు), పోలా (ఎర్ర పగడపు గాజు) అమ్మాయికి తొడిగేది మామూలుగా అప్పుడే. గాజులు వేసే పెద్దావిడ కూడా అమ్మాయి ఉన్నచోటే ఉండాలి.

ఉదయం. ఎవరి ఇంటి నాంది వాళ్లు, ఒక్కసారి. గాయే హోలుద్, నలుగు, మంగళస్నానం. మధ్యాహ్నం ఇద్దరినీ రెండు గంటలైనా పడుకోబెట్టండి.

6:45. ఎదుర్కోలు. వాళ్ల పద్ధతిలో వరుణ్ని ఆహ్వానించేది అమ్మాయి తరఫు పెద్ద ఆడవాళ్లు. మనం ఎదురెళ్లి బొట్టు పెట్టి, పానకం ఇచ్చేటప్పుడే హారతి, శంఖం, ఉలుధ్వని (ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని) జరిగిపోతాయి. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి.

7:10. లోపల అమ్మాయి గౌరీపూజ. మండపంలో అబ్బాయి గణపతిపూజ, సంకల్పం.

7:35. అమ్మాయి రాక. మన దగ్గర మేనమామలు బుట్టలో తెస్తారు, వాళ్ల దగ్గర అన్నదమ్ములు చెక్కపీట మీద ఎత్తుకొస్తారు. పీటనే ఉంచి, మోసే నలుగురిలో ఇద్దరు మేనమామలను పెట్టండి. తమలపాకులతో కళ్లు మూసుకున్న అమ్మాయిని వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు. మోసేవాళ్లతో ముందు రోజు ఒక్కసారైనా ప్రాక్టీస్ చేయించండి. మండపం చుట్టూ పూలకుండీలు అడ్డం ఉంటే పీట తిరగదు.

7:50. అడ్డుతెర పడుతుంది. అమ్మాయి కూర్చుంటుంది. తెరకు ఇటూ అటూ కన్యాదానం.

8:30. లగ్నం. జీలకర్ర–బెల్లం.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. జీలకర్ర–బెల్లం పెట్టడానికి చేయి కావాలి, కళ్ల ముందు తమలపాకులు పట్టుకోవడానికీ చేయి కావాలి. తెర అడ్డం ఉన్నంతసేపూ ఆకులు తోడి పెళ్లికూతురు పట్టుకోవచ్చు. జీలకర్ర–బెల్లం అయ్యాక అమ్మాయి ఆకులు మళ్లీ కళ్ల ముందు పట్టుకుంటుంది, తెర దించుతారు, అప్పుడు ఆకులు పక్కకు తీస్తుంది. మన తెర దిగడం, వాళ్ల శుభదృష్టి ఒకే క్షణం. గట్టిమేళం, శంఖాలు, ఉలుధ్వని కలిసి మోగుతాయి. ఆ ఒక్క నిమిషం కోసం ఫొటోగ్రాఫర్లిద్దరినీ చెరోవైపు నిలబెట్టండి, బంధువుల ఫోన్లు మధ్యలోకి రాకుండా ఒకరిని కాపలా పెట్టండి.

8:45 నుంచి. దండలు, మాంగల్యధారణ, తలంబ్రాలు. తర్వాత హోమం, లాజహోమం, సప్తపది. సిందూర్ దాన్ ఇక్కడ వస్తుంది. చివర్లో మెట్టెలు, అరుంధతీ దర్శనం. 10:30కల్లా పీటల మీద నుంచి లేవవచ్చు.

ఈ వరుసను ఒక పేజీలో తెలుగు, బెంగాలీ, ఇంగ్లిష్ భాషల్లో ప్రింట్ తీసి పురోహితులకు, మేళం వాళ్లకు, ఫొటోగ్రాఫర్లకు, వంట మేస్త్రీకి ఇవ్వండి.

## 6. సామాను: ఆలస్యమైతే దొరకనివి

- టోపోర్ (అబ్బాయి కిరీటం), ముకుట్ (అమ్మాయి కిరీటం). షోలా బెండుతో చేస్తారు, చాలా తేలిక, నొక్కితే నలిగిపోతాయి. గట్టి డబ్బాలో చేతి సామానుగా తెచ్చుకోవాలి. బాసికం ముందు కట్టి దాని పైన టోపోర్ పెడితే రెండూ ఇముడుతాయి. మేకప్ ట్రయల్ రోజు ముకుట్, బాసికం, జడ మూడూ కలిపి పెట్టి చూడండి.
- శాంఖా–పోలా. అమ్మాయి గాజు కొలత నాలుగో వారంలోపు పంపండి. శంఖం గాజు దారిలో విరిగే ప్రమాదముంది, ఇంకో జత తెప్పించండి.
- రెండో పుస్తె. మన మంగళసూత్రంలో ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. వాళ్ల ఇంట్లో పుస్తె చేయించే అలవాటు ఉండదు కాబట్టి ఎవరూ చెప్పకపోతే వాళ్లకు తెలియదు. నమూనా ఫొటో, బరువు పంపండి.
- మెట్టెలు, బాసికాలు, మధుపర్కాలు. ఎవరు తెస్తారో పేరుతో సహా రాయండి.
- శంఖం, తమలపాకులు, సిందూరం, చెక్కపీట. పీట ఇద్దరిని మోసేంత గట్టిగా ఉండాలి.

మధుపర్కాల గురించి ఒక మాట ముందే చెప్పాలి. బెంగాలీ పెళ్లికూతురు ఎర్ర బనారసీలో ఉంటుంది. ఉత్త తెల్ల చీర అంటే వాళ్లకు వైధవ్యం గుర్తొస్తుంది, ముసలివాళ్లు ఉలిక్కిపడతారు. ఎర్ర అంచు తెల్ల చీర మాత్రం వాళ్లకూ శుభమే. పసుపు రాసిన, ఎర్రంచు మధుపర్కం తీసుకోండి, ఫొటో ముందే చూపించండి. హోమం తర్వాత బనారసీలోకి మారవచ్చు.

## 7. భోజనాలు

చేప లేకుండా బెంగాలీ పెళ్లి విందును ఊహించుకోవడం కష్టం. మన కల్యాణమండపాల్లో చాలావాటిలో మాంసాహారం వండనివ్వరు. ముహూర్తం రోజు శాకాహారం, బౌభాత్ (పెళ్లయ్యాక అబ్బాయివాళ్లు ఇచ్చే విందు) రోజు వేరే చోట చేప, మాంసం పెడితే ఎవరికీ లోటుండదు.

వాళ్లు తత్త్వ (వియ్యాలవారికి పంపే కానుకల) పళ్లేల్లో చీరలు, మిఠాయిలతోపాటు అలంకరించిన రోహు చేపను పంపే ఆనవాయితీ ఉంది. శాకాహారుల ఇల్లయితే ఆ పళ్లెం విడిదిలోనే ఉంచమని ముందే చెప్పండి. మండపం గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పంపితే అది అవమానమే.

కారం రెండు మోతాదుల్లో చేయించండి. భోజనం వడ్డన రాత్రి 7 గంటల నుంచే మొదలుపెట్టండి, అందరినీ పదిన్నర దాకా ఆకలితో కూర్చోబెట్టకూడదు.

## 8. ప్రయాణం, విడిది

2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. ఎనిమిది వారాలంటే 56 రోజులు. అంటే తేదీ ఖాయమయ్యేసరికే టికెట్లు తెరిచి ఉంటాయి. ఆ సాయంత్రమే బుక్ చేయండి. హైదరాబాద్ వైపైతే హౌరా–సికింద్రాబాద్ ఫలక్‌నుమా, విశాఖ, విజయవాడ వైపైతే కోరమండల్ ముందు చూడండి. దారిలో ఒక రోజు పోతుంది కాబట్టి పెళ్లికి రెండు రోజుల ముందే దిగేలా చూడండి.

విడిది మండపానికి దగ్గర్లో ఉండాలి. అక్కడ బెంగాలీ కాకపోయినా హిందీ బాగా వచ్చిన మనవాళ్లను ఇద్దర్ని పెట్టండి, పొద్దున టీ నుంచి వాళ్లే చూసుకోవాలి.

## 9. పెళ్లి తర్వాత మూడు రోజులు

ఇక్కడే రెండు క్యాలెండర్లు గుద్దుకుంటాయి. అత్తింట్లో అడుగుపెట్టిన రాత్రి వాళ్లకు కాళరాత్రి, ఆ రాత్రి దంపతులు ఒకరినొకరు చూసుకోరు. మనవాళ్లు అదే రాత్రికి శోభనం ముహూర్తం పెట్టి ఉంటే గొడవ తప్పదు.

- మొదటి రోజు: పెళ్లి
- రెండో రోజు: అప్పగింతలు, వాళ్ల విడిదిలోనో ఇంట్లోనో గృహప్రవేశం (బౌ బొరోన్), రాత్రి కాళరాత్రి
- మూడో రోజు: ఉదయం సత్యనారాయణ వ్రతం, తర్వాత బౌభాత్, రాత్రి ఫూల్‌శయ్య

ఫూల్‌శయ్య అంటే వాళ్ల శోభనమే, కాబట్టి మన శోభనానికీ మూడో రాత్రి ముహూర్తం అడగండి. కాళరాత్రి నాడు కొత్త ఇంట్లో అమ్మాయి ఒంటరిగా ఉండకూడదు. అక్కో, పిన్నో తోడు వెళ్లాలి. ఆ రాత్రి తనను ఎందుకు విడిగా పడుకోబెడుతున్నారో ఆమెకు ముందే తెలిసి ఉండాలి.

## 10. కాగితాలు

ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. 7వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరి ఆచారం ప్రకారం చేసినా పెళ్లి చెల్లుతుంది. సప్తపది ఆచారంలో భాగమైతే ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుంది. తంతు ఏదీ జరపకుండా కేవలం రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఈ చట్టం కింద అది పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే సప్తపది ఫొటోలు స్పష్టంగా తీయించండి.

మతాలు వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. నోటీసు ప్రకటించాక 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగాలి. ముగ్గురు సాక్షులు కావాలి. ఎనిమిది వారాల గడువులో ఈ నోటీసు మొదటి వారమే వెళ్లాలి, మూడో వారం దాటితే టెన్షన్ మొదలవుతుంది.

పెళ్లి అయ్యాక బంధువులు ఊళ్లకు వెళ్లకముందే ఈ ఫైలు సిద్ధం చేసుకోండి:

- ఇద్దరి వయసు, చిరునామా రుజువులు
- శుభలేఖ, పెళ్లి ఫొటోలు
- సాక్షుల గుర్తింపు కార్డుల నకళ్లు, వాళ్లు ఏ రోజు రాగలరో
- అన్నిటిలో పేర్ల స్పెల్లింగ్ ఒకేలా ఉందా? మన ఇంటిపేరు ముందు, వాళ్ల ఇంటిపేరు చివర వస్తుంది. దరఖాస్తులో ఆధార్, పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే రాయండి. అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే అది రిజిస్ట్రేషన్ తర్వాతి పని.